జ్వరం తగ్గింది, తల కుదుటపడలేదు: స్కానింగ్‌కు ముందు, కాల్‌షీట్‌కు ముందు

"జ్వరం పోయి మూడు నెలలు దాటిందన్నా. మనిషిని బాగానే ఉన్నా, తలే సరిగ్గా పనిచెయ్యట్లేదు. ఒకసారి మెదడు స్కానింగ్ తీయించుకుంటే సంగతేంటో తెలిసిపోద్దా?" కృష్ణానగర్ టీకొట్ల దగ్గర, ఫిల్మ్‌నగర్ ఎడిటింగ్ గదుల్లో, డబ్బింగ్ థియేటర్ల బయట బెంచీల మీద ఈ ప్రశ్న కరోనా రోజుల నుంచి తిరుగుతూనే ఉంది. అడిగేవాళ్లలో డబ్బింగ్ ఆర్టిస్టులున్నారు, అసిస్టెంట్ డైరెక్టర్లున్నారు, లైట్‌మన్లున్నారు, గ్రాఫిక్స్ కంపెనీల్లో రాత్రుళ్లు కూర్చునే కుర్రాళ్లున్నారు. వచ్చింది కరోనా కావచ్చు, డెంగ్యూ కావచ్చు, డాక్టరు చీటీ మీద ఉత్త 'వైరల్ ఫీవర్' అని రాసి వదిలేసింది కావచ్చు.

జూబ్లీహిల్స్ చుట్టుపక్కల యంత్రాలకు కొదవ లేదు. అపోలో ఆసుపత్రి 1988 నుంచి ఫిల్మ్‌నగర్‌కు ఆనుకునే ఉంది. నాలుగు వీధులు తిరిగితే నాలుగు డయాగ్నొస్టిక్ సెంటర్లు కనిపిస్తాయి. డబ్బు కడితే ఎమ్మారై తీసేస్తారు. అందుకే తొందరపడి తీయించుకునేవాళ్లు కొందరు, భయపడి అసలు ఆసుపత్రి గడప తొక్కనివాళ్లు కొందరు. రోజు కూలీ మీద, కాల్‌షీట్ మీద బతికే మనిషికి రెండూ నష్టమే.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. జ్వరంతో ఉన్న మనిషి మతి తప్పి మాట్లాడుతుంటే గంట కూడా ఆగకూడదు, అప్పుడు స్కానింగ్ ప్రాణం నిలిపే చికిత్సలో భాగం. జ్వరం పోయిన నెలల తర్వాత మిగిలిపోయిన మతిమరుపు, అలసట, ఏకాగ్రత లేకపోవడం వేరే సంగతి. అక్కడ స్కానింగ్ వంతు ఆఖరున వస్తుంది. ఆ స్కానింగ్ 'నార్మల్' అని వస్తే మీరు పనికి సిద్ధమని అర్థం కాదు, మీరు నటిస్తున్నారని అంతకన్నా కాదు.

మొదటిది ముందు చూద్దాం. యూనిట్‌లో ఒకతనికి రెండు రోజులుగా జ్వరం. మూడోరోజు పొద్దున పేర్లు తడబడుతున్నాడు, అడిగినదానికి కాకుండా ఇంకేదో చెబుతున్నాడు, లేని వాసన వస్తోందంటున్నాడు, ఊరికే కోప్పడుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు రాత్రి ఎక్కువ తాగాడనుకుంటారు. ఊళ్లో అవుట్‌డోర్ అయితే గాలి సోకిందనే మాట కూడా వస్తుంది. హెర్పిస్ వైరస్ మెదడుకు ఎక్కినప్పుడు మనిషి సరిగ్గా ఇలాగే ఉంటాడు. ఆ వైరస్ ఎక్కువగా కణతల లోపలి భాగాన్ని, అంటే జ్ఞాపకానికీ మాటకూ ప్రవర్తనకూ సంబంధించిన చోటును పట్టుకుంటుంది. చికిత్స లేకపోతే పదిమందిలో ఏడుగురి దాకా చనిపోతారు. ఎసైక్లోవిర్ అనే మందు త్వరగా నరానికి ఎక్కిస్తే ఆ లెక్క చాలా తగ్గిపోతుంది. అనుమానం రాగానే, పరీక్షల ఫలితాలు చేతికి రాకముందే డాక్టర్లు ఆ మందు మొదలుపెడతారు. ఇక్కడ గంటలు లెక్క.

మొదటిరోజు తీసిన సీటీ స్కాన్ శుభ్రంగా కనిపించవచ్చు. ఒక్కోసారి ఎమ్మారై కూడా తొలి రోజుల్లో ఏమీ చూపించదు. వెన్నులోంచి నీరు తీసి చేసే పరీక్షతోనే రోగం తేలుతుంది. ఈ వెన్నునీటి పరీక్ష అనగానే మనవాళ్లు బెదిరిపోయి, "స్కానింగ్ బాగానే ఉందిగా" అని మనిషిని ఇంటికి తీసుకుపోతారు. దయచేసి ఆ పని చెయ్యకండి. జ్వరంతోపాటు మతి తప్పడం, మూర్ఛ, లేపినా లేవని మగత, మెడ బిగుసుకుపోవడం, ఒకవైపు చెయ్యి కాలు పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ప్యాకప్ దాకా ఆగవద్దు. 108కి ఫోన్ చెయ్యండి, లేదా ప్రొడక్షన్ కారులో ఎమర్జెన్సీ ఉన్న పెద్దాసుపత్రికి నేరుగా తీసుకెళ్లండి. స్కానింగ్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ కోసం చూడకండి.

అవుట్‌డోర్‌కు వెళ్లేవాళ్లు ఇంకో రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. వరిచేల మధ్య, పందులు తిరిగే చోట, పొద్దువాలాక కుట్టే క్యూలెక్స్ దోమ జపనీస్ మెదడువాపును మోసుకొస్తుంది. మన దేశంలో ఈ జబ్బును మొదట 1955లో వెల్లూరులో గుర్తించారు. దీనిలో ఎమ్మారై మీద మెదడు నడిబొడ్డున ఉండే థలామస్ రెండువైపులా తెల్లగా మెరుస్తుంది. అరుదుగా డెంగ్యూ మెదడుకు ఎక్కినప్పుడు కూడా అదే చోట రెండు గుండ్రటి వలయాలు కనిపిస్తాయి. ఆ వలయాలు చూసి డాక్టర్లు అనుమానం పెంచుకుంటారు, రక్తంతో, వెన్నునీటితో నిర్ధారించుకుంటారు. డెంగ్యూ దోమ పగలు కుడుతుంది, నిలవున్న మంచినీళ్లలో పుడుతుంది. వాన సీను కోసం నింపి వదిలేసిన డ్రమ్ములు, సెట్టు వెనక తొట్లు వారం తిరక్కుండానే దాని పుట్టిల్లవుతాయి. షెడ్యూల్ అయిపోగానే వాటిని బోర్లించడం సెట్ డిపార్ట్‌మెంట్ బాధ్యత అని ఎవరో ఒకరు కాగితం మీద రాసిపెట్టాలి.

మెదడు స్కానింగ్‌తో వైరస్ దెబ్బను అర్థం చేసుకోవాలన్న ప్రయత్నం మన తెలుగు నేలకు కొత్తేమీ కాదు. 2003 వేసవి చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలు జ్వరంతో, వాంతులతో, మూర్ఛలతో ఆసుపత్రికి వచ్చి ఒకటి రెండు రోజుల్లోనే చనిపోయారు. జూన్ నుంచి ఆగస్టు దాకా 329 మంది పిల్లలు జబ్బుపడితే 183 మంది దక్కలేదు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ దీనికి చాందీపుర వైరస్ కారణమని తేల్చి, 2004లో 'లాన్సెట్' పత్రికలో ప్రకటించింది. 1965లో నాగపూర్ దగ్గర మొదట దొరికిన వైరస్ అది, ఇసుక ఈగల ద్వారా సోకుతుంది. పిల్లల వైద్యుడు పి. నాగభూషణరావు, ఆయన సహచరులు మాత్రం పిల్లల తీరునూ, వాళ్ల మెదడు స్కానింగులనూ చూసి వేరే మాట అన్నారు. రక్తనాళాలు దెబ్బతిని పక్షవాతం లాంటిది వచ్చిన ఆనవాళ్లు కనిపిస్తున్నాయని, మామూలు మెదడువాపు లెక్కలోకి ఇది రాదని వాదించారు. 'ఎపిడెమిక్ బ్రెయిన్ ఎటాక్' అని దానికి పేరు పెట్టారు. ఆ వాదన మీద పత్రికల్లో చర్చ నడిచింది. ఒకే పిల్లవాడి స్కానింగ్ ముందు పెట్టుకుని, అనుభవం ఉన్న డాక్టర్లు కూడా రెండు రకాలుగా చదవగలరు. మీ రిపోర్టును ఫోన్‌లో గూగుల్ చేసి అర్థం చేసుకోబోయే ముందు ఈ సంగతి గుర్తుకు రావాలి.

ఇక కరోనా. 2022 మార్చిలో 'నేచర్' పత్రికలో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకురాలు గ్వెనయెల్ దువో బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో 'కరోనాతో మెదడు కుంచించుకుపోతుంది' అని తిరిగిన వార్తకు మూలం అదే. బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ అనే సంస్థ కరోనాకు ముందే వేలమందికి మెదడు స్కానింగ్ తీసి దాచిపెట్టింది. వాళ్లలో 785 మందిని మళ్లీ పిలిచి రెండోసారి తీశారు. 401 మందికి ఆ మధ్యకాలంలో కరోనా సోకింది, 384 మందికి సోకలేదు. సోకినవాళ్లలో ఆసుపత్రిలో చేరింది 15 మందే, మిగతావాళ్లది తేలికపాటి జబ్బు. అయినా వాసనకు సంబంధించిన భాగాల్లో, కళ్ల పైన నుదుటి వెనక ఉండే భాగంలో, జ్ఞాపకానికి తోడ్పడే భాగంలో, సోకనివాళ్ల కంటే సగటున 0.2 నుంచి 2 శాతం దాకా ఎక్కువ తరుగుదల కనిపించింది.

ఈ అంకెలు భయపెట్టేవే. కానీ వీటిని చదవాల్సిన పద్ధతి ఉంది. ఆ అధ్యయనంలో ఉన్నవాళ్ల వయసు 51 నుంచి 81. కృష్ణానగర్‌లో గది అద్దెకు తీసుకున్న పాతికేళ్ల అసిస్టెంట్ డైరెక్టర్‌కు ఆ అంకెలు అలాగే వర్తిస్తాయని ఎవరూ చెప్పలేదు. పైగా అది గుంపు సగటు. సోకినవాళ్లలో చాలామంది స్కానింగులు సోకనివాళ్ల స్కానింగుల్లో కలిసిపోతాయి. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్ల దగ్గర జబ్బుకు ముందు తీసిన స్కానింగ్ ఉంది. మీ దగ్గర లేదు. ఇవాళ జూబ్లీహిల్స్‌లో మీరు తీయించుకునే ఒక్క ఎమ్మారైని దేనితో పోల్చి 'ఒక శాతం తగ్గింది' అని చెప్పగలరు? ఎంత పెద్ద రేడియాలజిస్టయినా చెప్పలేడు. అక్కడ కంప్యూటర్లు వందలమంది లెక్కలు కలిపి పట్టుకున్న తేడా అది, ఫిల్మును వెలుతురుకు పెట్టి చూస్తే కంటికి ఆనేది కాదు.

మన దేశంలోనూ ఇలాంటి పని జరిగింది. 2022 నవంబరులో షికాగోలో జరిగిన రేడియాలజిస్టుల సదస్సులో ఐఐటీ ఢిల్లీకి చెందిన సప్నా మిశ్రా, కరోనా తగ్గిన 46 మందినీ ఆరోగ్యంగా ఉన్న 30 మందినీ ప్రత్యేక పద్ధతి ఎమ్మారైతో పోల్చి చూసిన ఫలితాలు వినిపించారు. నుదుటి భాగంలో, మెదడు కాండంలో తేడాలున్నాయన్నారు. ఫ్రాన్స్‌లో మార్సెయ్ డాక్టర్లు 2021లో పెట్ స్కాన్‌తో 35 మంది దీర్ఘకాల కరోనా రోగులను చూసి, వాసన, జ్ఞాపకం చోట్ల చక్కెర వాడకం తగ్గిందని రాశారు. ఇవన్నీ పరిశోధనలు. మీకు కలుగుతున్న ఇబ్బంది నిజమైనదేనని, 'అంతా మీ మనసులోనే ఉంది' అనేవాళ్లు తొందరపడుతున్నారని చెప్పడానికి ఇవి బలమైన ఆధారాలు. మీ ఒక్కరికి ఫలానా నష్టం జరిగిందని ముద్రవేసి ఇచ్చే పరీక్షలుగా మాత్రం ఇవి ఇంకా మారలేదు. 'కరోనా బ్రెయిన్ ప్యాకేజీ' అని ఎవరైనా అమ్మజూపితే జేబు మూసుకోండి.

సెట్టు మీద స్టిల్ ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటోలో గోడలు, లైట్లు, మనుషులు ఎక్కడివక్కడ ఉన్నారా అన్నది తెలుస్తుంది, ఆ సీనులో నటుడు డైలాగు దగ్గర తడబడ్డాడా అన్నది తెలియదు. మామూలు ఎమ్మారై కూడా అంతే. గడ్డ, రక్తస్రావం, వాపు, పక్షవాతపు మచ్చ ఉంటే పట్టిస్తుంది. మధ్యాహ్నం మూడింటికి మీకు ఎందుకు మాట తోచడం లేదో చెప్పదు.

అది తెలియడానికి కాగితం, పెన్సిలు ఎక్కువ పనికొస్తాయి. ఆక్స్‌ఫర్డ్ అధ్యయనంలోనే వాడిన ఒక పరీక్ష చూడండి. కాగితం మీద చెల్లాచెదురుగా అంకెలు, అక్షరాలు సున్నాల్లో ఉంటాయి. ఒకటి నుంచి మొదటి అక్షరానికి, అక్కడి నుంచి రెండుకు, రెండు నుంచి రెండో అక్షరానికి, ఇలా మారుస్తూ గీత కలుపుకుంటూ పోవాలి. ఎంతసేపు పట్టిందో కొలుస్తారు. రెండు వరసలు మనసులో ఒకేసారి పట్టుకుని, ఒకదాన్నుంచి ఇంకోదానికి తప్పకుండా దూకాలి. కరోనా వచ్చినవాళ్లకు ఇందులో ఎక్కువ సమయం పట్టింది. కో-డైరెక్టర్ పని రోజంతా ఇదే కదా! ఒక కంట కంటిన్యుటీ, ఇంకో కంట జూనియర్ ఆర్టిస్టుల లెక్క, చెవిలో వాకీటాకీ, ముందు తర్వాతి షాటు. ఇంట్లో కూర్చుంటే బాగానే ఉన్న మనిషి సెట్టుకు రాగానే ఎందుకు కుదేలవుతున్నాడో ఇప్పుడు అర్థమవుతుంది. న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్తే ఇలాంటి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షలు చేయించమని మీరే అడగండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, కరోనా మొదలైన మూడు నెలల తర్వాత కూడా కనీసం రెండు నెలలపాటు సాగుతూ, వేరే కారణం దొరకని ఇబ్బందుల్నే కరోనా అనంతర స్థితి అంటారు. 'వేరే కారణం' అన్న మాట చాలా ముఖ్యం. అందుకే ముందు జనరల్ ఫిజీషియన్ దగ్గరకు వెళ్లండి. రక్తం శాతం, థైరాయిడ్, బీ-12, షుగరు చూపించుకోండి. కరోనాలో స్టెరాయిడ్లు వాడినవాళ్లలో షుగరు బయటపడిన సందర్భాలు చాలానే ఉన్నాయి. బీ-12 తగ్గితే మతిమరుపు, చేతుల తిమ్మిర్లు వస్తాయి, ఇంజక్షన్లతో సర్దుకుంటాయి. మన రంగంలో నిద్ర సంగతి చెప్పనే అక్కర్లేదు. రాత్రి కాల్‌షీట్ చేసి పొద్దున ఇంకో కంపెనీకి వెళ్లే మనిషికి ఏ వైరసూ లేకుండానే తల మొద్దుబారుతుంది. దిగులు జబ్బు కూడా సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది, దానికీ మంచి మందులున్నాయి, డాక్టరు దగ్గర దాచకండి.

ఇవన్నీ చూశాక న్యూరాలజిస్టు ఎమ్మారై రాస్తే తీయించుకోండి. మూర్ఛ వచ్చినా, ఎప్పుడూ లేని రకం తలనొప్పి మొదలైనా, చూపు రెండుగా కనిపించినా, నడక తూలుతున్నా, మతిమరుపు వారం వారం ముదురుతున్నా తప్పనిసరిగా రాస్తారు. రాసేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "ఇందులో ఏం కనిపిస్తుందని అనుకుంటున్నారు సార్, కనిపిస్తే మందు మారుతుందా?" మంచి డాక్టరు ఈ ప్రశ్నకు నొచ్చుకోడు.

ఎమ్మారైకి వెళ్లే సినిమావాళ్లకు కొన్ని జాగ్రత్తలు మిగతా జనం కంటే ఎక్కువ కావాలి. దీన్లో రేడియేషన్ ఉండదు, ఉన్నది బలమైన అయస్కాంతం. స్కానింగ్ జరగనప్పుడు కూడా ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. షూటింగ్ నుంచి నేరుగా వెళ్లకండి. జరీ, హుక్కులు, పిన్నీసులు, విగ్గు క్లిప్పులు, అయస్కాంతంతో అంటుకునే కనురెప్పలు అన్నీ తీసెయ్యాలి. కొన్ని కాటుకల్లో, ఐలైనర్లలో ఇనుప రంగు ఉంటుంది, ముఖం కడుక్కుని వెళ్లండి. పచ్చబొట్టు ఉంటే చెప్పండి, ఒక్కోసారి వేడెక్కి మంటపుడుతుంది. సెట్టు వేసే తమ్ముళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. వెల్డింగ్, గ్రైండింగ్ చేసేటప్పుడు ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడిందా? ఏళ్ల కిందటిదైనా సరే, టెక్నీషియన్‌కు చెప్పాలి. కంట్లో మిగిలిపోయిన చిన్న ముక్క అయస్కాంతం దగ్గర కదిలితే చూపే పోవచ్చు. ముందు కంటికి ఎక్స్‌రే తీసి చూసుకున్నాకే లోపలికి పంపుతారు. ఫైటర్లు, డూప్‌లు ఎముకల్లో వేయించుకున్న రాడ్లు, ప్లేట్లు, స్క్రూల సంగతి దాచకూడదు. ఇప్పుడు వేసేవి చాలావరకు టైటానియంవి, వాటితో సాధారణంగా ఇబ్బంది ఉండదు. అయినా ఆ ఆపరేషన్ డిశ్చార్జి కాగితం వెంట తీసుకెళ్లండి. పేస్‌మేకర్, చెవిలో అమర్చిన యంత్రం, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పు ఉంటే ముందురోజే ఫోన్ చేసి చెప్పాలి.

లోపల చప్పుడు గట్టిగా ఉంటుంది. డబ్బింగ్, సౌండ్ పనిచేసేవాళ్లు చెవుల్లో దూది పెట్టి వదిలేస్తే ఒప్పుకోవద్దు. ఇయర్‌ప్లగ్గులు, పైన హెడ్‌ఫోన్లు రెండూ అడిగి పెట్టించుకోండి, మీ చెవే మీ అన్నం. ఇరుకు అంటే భయమున్నవాళ్లు ముందే చెబితే చేతికి బజర్ ఇస్తారు, అవసరమైతే మత్తు ఇస్తారు. రంగు మందు ఎక్కించాలంటే కిడ్నీ పరీక్ష అడుగుతారు. గర్భం ఉన్నా, అనుమానం ఉన్నా చెప్పాలి.

రిపోర్టులో 'అక్కడక్కడా తెల్లచుక్కలు', 'సైనస్‌లో వాపు' లాంటి మాటలు కనిపిస్తే గుండెలు బాదుకోకండి. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ అవి తరచుగా ఉంటాయి. రిపోర్టు కాగితంతోపాటు సీడీ కూడా అడిగి తీసుకుని దాచుకోండి, రేపు ఎప్పుడైనా మళ్లీ తీయాల్సివస్తే పోల్చి చూడటానికి అదే ఆధారం. పేరున్న ఆర్టిస్టులైతే రిపోర్టు మేనేజర్ ఫోన్‌లోంచి ఇంకెవరి ఫోన్‌కూ వెళ్లకుండా చూసుకోండి. మన ఊళ్లో సాయంత్రానికల్లా యూట్యూబ్‌లో థంబ్‌నెయిల్ అయిపోతుంది.

పనిలోకి తిరిగి రావడం గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు, అందుకే కొంచెం ఎక్కువ చెబుతాను. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. ఎన్ని గంటలు నిద్రపోయారు, కాల్ టైం ఎంత, తల మొద్దుబారింది ఎన్నింటికి, అప్పుడు ఏం పని చేస్తున్నారు, మర్నాడు ఎలా ఉంది. రెండు వారాలు రాస్తే మీ హద్దు మీకే కనిపిస్తుంది. డాక్టరు ముందు ఆ నోటుబుక్కు పెడితే పది నిమిషాల సంప్రదింపు ఎంతో పనికొస్తుంది. ఓపిక వచ్చిన రోజు రెండు రోజుల పని లాగించి, మర్నాడు మంచం పట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. శ్రమ తర్వాత ఒకటి రెండు రోజులకు మొత్తం తిరగబెట్టే తీరు మీలో ఉంటే, 'వ్యాయామం చేసి గట్టిపడు' అన్న సలహా మీకు పనిచెయ్యదు. హద్దు లోపల ఆగడమే మందు.

డబ్బింగ్ ఆర్టిస్టులు బరువైన సీన్లు పొద్దుటి పూటకు పెట్టించుకోండి, లూపులు చిన్నవి చేయమని ఇంజనీరును అడగండి. ఇందులో నామోషీ ఏమీ లేదు. అసిస్టెంట్ డైరెక్టర్లు కొన్నాళ్లు జ్ఞాపకాన్ని నమ్మొద్దు, ప్రతి షాటు తర్వాత ఫోన్‌లో ఫొటో తీసి, కంటిన్యుటీ షీటులో వెంటనే రాసెయ్యండి. ఎడిటర్లు, గ్రాఫిక్స్‌వాళ్లు రాత్రి పదకొండు దాటాక ఫైల్ డిలీట్ చేయడం, ఫైనల్ పంపడం పెట్టుకోవద్దు. లైట్‌మన్లు, సెట్టు పనివాళ్లు తల తిరగడం పూర్తిగా తగ్గేదాకా పరంజా ఎక్కకూడదు. మూర్ఛ ఒక్కసారి వచ్చినా, డాక్టరు సరేననేదాకా ప్రొడక్షన్ డ్రైవర్లు స్టీరింగ్ పట్టకూడదు.

వాసన పోయినవాళ్లను మనం మరీ తేలిగ్గా తీసుకుంటున్నాం. ప్రొడక్షన్ వంటవాళ్లకు గ్యాస్ లీకైనా తెలియదు, సాంబారు పులిసినా తెలియదు. మేకప్‌మన్‌కు పాడైన క్రీము తెలియదు. జర్మనీలో డ్రెస్డెన్ డాక్టర్లు 2009లో ప్రచురించిన వాసన సాధన చవకైనది, ఇంట్లోనే చేసుకోవచ్చు. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి, ఈ నాలుగూ వేరువేరు సీసాల్లో పెట్టుకుని, పొద్దునా సాయంత్రమూ ఒక్కోటి కొన్ని సెకన్లపాటు మెల్లగా పీల్చాలి. పన్నెండు వారాలు ఓపికపట్టాలి. అందరికీ తిరిగి రాదు, కొందరికి మెరుగవుతుంది. ఈలోగా వంటశాలలో ఇంకొకరి ముక్కు పక్కన ఉండేలా చూసుకోండి.

డబ్బు సంగతి. గ్రాఫిక్స్, పోస్ట్ ప్రొడక్షన్ కంపెనీల్లో నెల జీతం 21,000 రూపాయలకు మించనివాళ్లకు ఈఎస్ఐ ఉండాలి. స్లిప్పులో కోత ఉందో లేదో ఇవాళే చూసుకోండి. అర్హత ఉంటే ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 రోజుల దాకా, జీతంలో 70 శాతం అనారోగ్య భత్యం వస్తుంది. మెదడువాపు లాంటి పెద్ద జబ్బుతో ఆసుపత్రిలో చేరాల్సివస్తే తెలంగాణలో ఆరోగ్యశ్రీ హద్దు 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. బయట తీయించుకునే స్కానింగ్‌కు మాత్రం దాన్ని నమ్ముకోకండి. గాంధీ, ఉస్మానియా, నిమ్స్ న్యూరాలజీ ఓపీల్లో క్యూ పెద్దదే, కానీ అక్కడ రోజూ ఇవే కేసులు చూసిన కళ్లున్నాయి. రోజువారీ కార్మికులు యూనియన్ కార్డు రెన్యువల్ ఆపకండి. 2020లో షూటింగులు ఆగిపోయినప్పుడు చిరంజీవి ముందుండి నడిపిన కరోనా క్రైసిస్ చారిటీ నిత్యావసరాలు ఇంటింటికీ చేర్చింది సినీ కార్మికులకే. ఆపద వచ్చినప్పుడు మీరు ఈ రంగం మనిషేనని చెప్పేది ఆ కార్డే.

ప్రొడక్షన్ మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు జబ్బు చరిత్రంతా చెప్పక్కర్లేదు. "వైరల్ జ్వరం తర్వాత డాక్టరు ఆరువారాలు రాత్రి కాల్‌షీట్ వద్దన్నారండీ, ఇదిగో చీటీ. పగలు పూర్తిగా చేస్తాను" అని చెప్పండి. ఏం చెయ్యలేరో, ఏం చెయ్యగలరో, ఎన్నాళ్లో, ఈ మూడూ ఉంటే చాలు. డాక్టరును కూడా అలాగే రాయమని అడగండి. 'విశ్రాంతి అవసరం' అన్న ఉత్త చీటీ చూస్తే కంపెనీ ఇంకొకరిని పెట్టుకుంటుంది.

ఏ సంస్థ అయినా పరిశోధన కోసం మీ మెదడు స్కానింగ్ తీస్తామని పిలిస్తే వెళ్లడం మంచిదే, మనలాంటి వయసువాళ్ల, మనలాంటి పనివాళ్ల లెక్కలు ఈ శాస్త్రంలో తక్కువగా ఉన్నాయి. కానీ సమ్మతి పత్రం తెలుగులో ఇవ్వాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి చూపించాలి, స్కానింగ్‌కు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు, మధ్యలో మానుకునే హక్కు మీకుండాలి. అనుకోకుండా ఏదైనా గడ్డ కనిపిస్తే మీకు ఎవరు చెబుతారో ముందే అడిగి తెలుసుకోండి.

చివరిగా ఇరవైనాలుగు క్రాఫ్టుల యూనియన్ పెద్దలకూ ప్రొడక్షన్ మేనేజర్లకూ ఒక విన్నపం. జ్వరంలో మతి తప్పితే ఏం చెయ్యాలో నాలుగు ముక్కలు రాసి ప్రతి యూనిట్ వ్యాన్‌లో అంటించండి, దగ్గర్లో ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రి ఫోన్ నంబరు అవుట్‌డోర్ షెడ్యూల్ కాగితం మీదే అచ్చువేయించండి. జబ్బుపడి తిరిగొచ్చిన మనిషికి మొదటి రెండు వారాలు పగటి కాల్‌షీట్ మాత్రమే ఇవ్వండి, అతని చోటు అతనికి ఉంచండి.